యూనిట్ టెస్ట్ పేపర్ తయారీ: ఏ ప్రశ్న ఎక్కడ పెట్టాలి, ఎలా రాయాలి

"బిట్లు ఎన్ని పెట్టాలి సార్?" "వ్యాసరూప ప్రశ్న ఇస్తే సగం మంది ఖాళీగా వదిలేస్తున్నారు, తీసేయొచ్చా?" "జతపరచండి ఇస్తే తెలియని పిల్లలకు కూడా ఫుల్ మార్కులు వస్తున్నాయి, ఎందుకు?" పరీక్షలు దగ్గరపడినప్పుడల్లా కొత్తగా చేరిన టీచర్లు, ఊళ్లలో ట్యూషన్ చెప్పే డిగ్రీ పిల్లలు ఇవే అడుగుతున్నారు. అందుకే అంతా ఒకచోట వరసగా రాస్తున్నాను.

6 నుంచి 10 తరగతుల వరకు, 25 మార్కులు, 45 నిమిషాల యూనిట్ టెస్ట్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. ఉదాహరణలన్నీ మన కర్నూలు, అనంతపురం, కడప ఉమ్మడి జిల్లాల నుంచే తీసుకున్నాను. అంకెలు, ఊళ్లు మార్చుకుని మీ క్లాసులో వాడుకోవచ్చు.

పాత పేపర్ ముందు పెట్టుకుని "ఐదు బిట్లు, నాలుగు రెండు మార్కులవి, ఒకటి పెద్దది" అని గళ్లు నింపుకుంటూ పోవద్దు. ఈ పాఠంలో పిల్లలకు ఏం వచ్చిందో నాకెలా తెలుస్తుంది అని ముందు ఆలోచించండి. బిట్టా, వ్యాసమా అన్నది దాన్నిబట్టే తేలుతుంది. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

## 1. రాయడానికి ముందు: ఒక పేజీ పట్టిక

తెల్లకాగితం మీద నాలుగు నిలువు గళ్లు గీయండి: పాఠంలోని అంశం, పిల్లలు చేయగలగాల్సిన పని, సరిపోయే ప్రశ్న రూపం, మార్కులు. అన్నిటికంటే ముఖ్యమైనది రెండో గడి. అందులో "తెలుసుకుంటారు", "అవగాహన పొందుతారు" అని రాస్తే ఉపయోగం లేదు. కంటికి కనిపించే పని రాయాలి: గుర్తిస్తారు, లెక్కకడతారు, పోలుస్తారు, పటంలో చూపిస్తారు, కారణం చెబుతారు.

రెండో గడి సరిగ్గా నిండితే మూడోది దాదాపు తనంతట తానే నిండుతుంది:

- పేరు, సంవత్సరం, సూత్రం గుర్తుండాలి: ఖాళీలు, ఒక మాట జవాబులు
- దగ్గరగా ఉన్న వాటి మధ్య తేడా పట్టుకోవాలి: నాలుగు ఆప్షన్ల బిట్లు
- జంటలు గుర్తుండాలి: జతపరచండి
- కారణం, తేడా సొంత మాటల్లో చెప్పాలి: రెండు, నాలుగు మార్కుల ప్రశ్నలు
- విషయాలను పేర్చి వాదన నిలబెట్టాలి: వ్యాసరూపం
- చేతితో చేయాలి: పటం, బొమ్మ, గ్రాఫ్, ప్రయోగం

ప్రయోగం చేయడం వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే "ప్రయోగ విధానం రాయండి" అని అడిగితే సరిపోదు. అది జ్ఞాపకశక్తికి పరీక్ష. పరికరాలు చేతికిచ్చి చూడండి.

## 2. మార్కులకూ గడియారానికీ లెక్క కుదర్చండి

మన పదో తరగతి పబ్లిక్‌లో లెక్కలు, సోషల్ పేపర్లు 100 మార్కులకు 33 ప్రశ్నలు: ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. సమయం 3 గంటల 15 నిమిషాలు, అందులో 15 నిమిషాలు పేపర్ చదువుకోవడానికి. పదో తరగతి పిల్లలకు యూనిట్ టెస్ట్‌లో కూడా ఈ నాలుగు రకాలూ అలవాటు చేయడం మంచిది. 25 మార్కులకు ఇలా సర్దవచ్చు:

- ఒక మార్కువి 5: ఐదు నిమిషాలు
- రెండు మార్కులవి 4: పద్నాలుగు నిమిషాలు
- నాలుగు మార్కులది 1: ఏడు నిమిషాలు
- ఎనిమిది మార్కులది 1: పదమూడు నిమిషాలు
- చదువుకోవడం, సరిచూసుకోవడం: ఆరు నిమిషాలు

పేపర్ తయారయ్యాక జవాబులన్నీ మీరే చేత్తో రాయండి. మీకు 15 నిమిషాలు పడితే పిల్లలకు 45 పడుతుంది. మీకే పాతిక నిమిషాలు పట్టిందంటే ఒక ప్రశ్న తీసేయాల్సిందే. ఈ పని చాలామంది చేయరు. పిల్లలు చివరి ప్రశ్న వదిలేస్తే చదవలేదని తిడతారు. నిజానికి వాళ్లకు టైమ్ చాలలేదు.

## 3. నాలుగు ఆప్షన్ల బిట్లు

పైకి తేలికగా కనిపిస్తాయి గానీ రాయడం అన్నిటికంటే కష్టం. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

మొదట ప్రశ్న, తర్వాత సరైన జవాబు, చివర తప్పు ఆప్షన్లు. ఈ వరస మార్చొద్దు. ఆప్షన్లు చేత్తో మూసేసి చదివినా ప్రశ్న అర్థం కావాలి. "కర్నూలు..." అని వదిలేసి కింద నాలుగు వాక్యాలు ఇస్తే అది ఒక బిట్టు కాదు, నాలుగు తప్పొప్పులు.

తప్పు ఆప్షన్లు పిల్లలు నిజంగా చేసే తప్పుల్లోంచి రావాలి. ఈ లెక్క చూడండి:

ఒక రైతు 40 కిలోల వేరుశనగ కాయలు మార్కెట్‌కు తెచ్చాడు. 5 శాతం తరుగు తీసి, మిగిలినదానికి కిలో రూ. 60 చొప్పున ఇచ్చారు. రైతుకు వచ్చిన సొమ్ము ఎంత?
ఎ) రూ. 2,100  బి) రూ. 2,280  సి) రూ. 2,400  డి) రూ. 2,520

సరైనది బి. 40లో 5 శాతం 2 కిలోలు, మిగిలిన 38ని 60తో గుణించాలి. సి పెట్టిన పిల్లవాడు తరుగు మాటే మరిచిపోయాడు. డి పెట్టినవాడు తీసేయాల్సింది కలిపాడు. ఎ పెట్టినవాడు 5 శాతాన్ని 5 కిలోలు అనుకున్నాడు. పేపర్ దిద్దేటప్పుడు ఎవరికి ఏది మళ్లీ చెప్పాలో ఆ అక్షరమే చెబుతుంది. తప్పు ఆప్షన్లుగా రూ. 10, రూ. 99,999 లాంటివి పెడితే ఈ సమాచారం మొత్తం పోతుంది.

ఇలాంటి తప్పులు ఎక్కడ దొరుకుతాయి? పిల్లల నోటు పుస్తకాల్లో. దిద్దేటప్పుడు కనిపించిన తప్పును పక్కన ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆప్షన్లకు ఇక వెతుక్కోవాల్సిన పని ఉండదు.

ఆప్షన్లన్నీ ఒకే జాతివై ఉండాలి. "కర్నూలు దగ్గర తుంగభద్రలో కలిసే నది ఏది?" అని అడిగి హంద్రీ, కొండారెడ్డి బురుజు, ఓర్వకల్లు, ఆదోని అని ఇస్తే ఏమీ చదవని పిల్లవాడు కూడా హంద్రీ పెడతాడు. అక్కడున్న నది అదొక్కటే. హంద్రీ, కుందూ, చిత్రావతి, పాపాఘ్ని అని ఇవ్వండి. మిగిలిన మూడూ పెన్నాలో కలిసేవి. తేడా తెలిసినవాడికే మార్కు వస్తుంది.

సాధారణంగా జరిగే తప్పులు, వాటిని సరిచేసే పద్ధతి:

- సరైన జవాబు మాత్రమే పొడవుగా ఉండటం. పిల్లలు ఇది చాలా త్వరగా పసిగడతారు. నాలుగూ దాదాపు ఒకే పొడవుకు తెండి.
- "పైవన్నీ", "పైవేవీ కావు". నాలుగో ఆప్షన్ తోచక పెట్టేవే ఎక్కువ. రెండు సరైనవని తెలిస్తే చాలు, మూడోది తెలియకపోయినా "పైవన్నీ" పెట్టేయొచ్చు. స్కూలు పేపర్లలో వీటిని పూర్తిగా మానేయమనే నా సలహా.
- "కింది వానిలో సరికానిది కానిది". ఇలా రెండు కాదుల ప్రశ్న పిల్లల మీద పెట్టకండి. ఒక "కానిది" తప్పనిసరైతే దాని కింద గీత గీయండి.
- జవాబులన్నీ బి, సిల మీదే పడటం. కీ రాశాక లెక్కపెట్టి సర్దండి. అంకెలైతే చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా పెట్టండి.
- ఒక బిట్టు జవాబు ఇంకో ప్రశ్నలో దొరకడం. పేపర్ మొత్తం ఒకసారి ఈ ఒక్క కోణంలోనే చదవండి.

ఊరికే గుడ్డిగా పెట్టినా నాలుగింట ఒకటి తగిలే అవకాశం ఉంది. అంటే 20 బిట్ల పేపర్‌లో ఏమీ రాని పిల్లవాడికి కూడా సగటున ఐదు మార్కులు రావచ్చు. అందుకే యూనిట్ టెస్ట్ మొత్తాన్నీ బిట్లతో నింపకూడదు.

పోటీ పరీక్షల మాట వేరే. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో 2 గంటల్లో 120 బిట్లు, ఎనిమిదో తరగతి వాళ్ల స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్‌ఎంఎంఎస్‌లో 90 నిమిషాలకు 90 బిట్ల చొప్పున రెండు పేపర్లు. అంటే బిట్టుకు ఒక నిమిషం. వాటికి కూర్చునే పిల్లలకు ఓఎంఆర్ షీట్‌లో వృత్తాలు నింపడం విడిగా నేర్పండి. ఒక బిట్టు వదిలేసి తర్వాతి దాని జవాబును ఆ గడిలోనే నింపి, కింద వరసంతా జరిపేసుకునే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు.

## 4. ప్రకటన – కారణం బిట్లు

పిల్లలకు టెన్షన్ పెట్టేవి ఇవే. అలాగని మానేయకండి, ఆలోచన బాగా బయటపడేది కూడా వీటిలోనే. రెండు ఉదాహరణలు పక్కపక్కన పెట్టి నేర్పండి.

ప్రకటన: 1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది.
కారణం 1: రాజధాని, హైకోర్టులలో ఒకటి రాయలసీమలో ఉండాలని 1937 శ్రీబాగ్ ఒప్పందంలో అంగీకరించారు.
కారణం 2: కర్నూలు తుంగభద్ర ఒడ్డున ఉంది.

రెండు కారణాలూ నిజమే. కానీ మొదటిదే ప్రకటనకు వివరణ, రెండోది కాదు. పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే: వాక్యం నిజమైతే చాలు, అదే కారణం అనుకుంటారు. మధ్యలో "ఎందుకంటే" పెట్టి పైకి చదవమనండి. "కర్నూలు రాజధాని అయింది, ఎందుకంటే అది తుంగభద్ర ఒడ్డున ఉంది" అని చదవగానే అతకలేదని చాలామందికి చెవికే తెలిసిపోతుంది.

క్లాసులో ఐదారు చేయించాకే పేపర్‌లో ఒకటి పెట్టండి. ఏడో తరగతి కంటే కింద ఇవి వద్దు.

## 5. ఖాళీలు, ఒక మాట జవాబులు

వాక్యానికి ఒక్కటే ఖాళీ, వీలైతే చివరి వైపు. రెండు మూడు ఖాళీలుంటే వాక్యం పొడుపుకథ అవుతుంది.

"కర్నూలు ________ ఒడ్డున ఉంది" అని ఇస్తే ఒకరు తుంగభద్ర అని, ఒకరు హంద్రీ అని, ఒకరు నది అని రాస్తారు. మూడూ తప్పు కాదు. "సుంకేసుల బ్యారేజి ________ నదిపై ఉంది" అని ఇస్తే ఒకే జవాబు వస్తుంది. ఖాళీ రాసిన వెంటనే, పాఠం తెలియని పెద్దవాళ్లెవరినైనా నింపమనండి. ఊహించని జవాబు అక్కడే దొరుకుతుంది.

ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మార్కు ఇవ్వాలా అన్నది దిద్దేటప్పుడు కాదు, ముందే తేల్చుకోవాలి. సోషల్‌లో "తుంగబద్ర" అని రాసినా మార్కు ఇచ్చి, ఎర్రసిరాతో సరిదిద్దండి. తెలుగు పేపర్‌లో ఆ ఒత్తే పరీక్ష కావచ్చు, అక్కడ ఇవ్వక్కర్లేదు.

## 6. తప్పొప్పులు

నాకు పెద్దగా నచ్చని రూపం ఇది, సగానికి సగం అదృష్టం. తప్పనిసరైతే "తప్పయితే సరిదిద్ది రాయండి" అని చేర్చండి. వాక్యంలో ఒక్క విషయమే ఉండాలి. "ఎప్పుడూ", "అన్నీ", "మాత్రమే" అనే మాటలున్న వాక్యం తప్పని పిల్లలు చదవకుండానే పెడతారు, అవి వాడొద్దు.

## 7. జతపరచండి

తెలియని పిల్లలకు కూడా ఫుల్ మార్కులు రావడానికి రెండు కారణాలు. ఒకటి, రెండు వైపులా సమానంగా ఇవ్వడం: నాలుగు తెలిస్తే ఐదోది ఊరికే వస్తుంది. రెండోది, కలగాపులగంగా ఇవ్వడం: ఒక వైపు సంవత్సరం, నది, మనిషి పేరు, పంట అన్నీ కలిపేస్తే జతలు చూడగానే తెలిసిపోతాయి.

సరిచేసిన రూపం ఇలా ఉంటుంది:

ఊరు: 1. మంగంపేట  2. తుమ్మలపల్లె  3. రామగిరి  4. ఓబుళాపురం
ఖనిజం: ఎ) ఇనుప ఖనిజం  బి) బంగారం  సి) రాగి  డి) యురేనియం  ఇ) బొగ్గు  ఎఫ్) బెరైటీస్

జవాబులు: 1-ఎఫ్, 2-డి, 3-బి, 4-ఎ. రాగి, బొగ్గు అదనం. ఇందులో వజ్రకరూరును కావాలనే పెట్టలేదు, ఊరి పేరులోనే జవాబు ఉంది. ఇలా పేరే చెప్పేసేవి ఏరి పారేయండి. రెండు వరసలూ ఒకే పేజీలో ఉండాలి. "కొన్ని మిగిలిపోతాయి" అని పైన ఒక్క ముక్క రాయకపోతే పిల్లలు కంగారుపడతారు.

## 8. రెండు, నాలుగు మార్కుల ప్రశ్నలు

ఇక్కడ అంతా క్రియాపదంలో ఉంటుంది. "వేరుశనగ గురించి రాయండి" అంటే ఎంత రాయాలో పిల్లవాడికి తెలియదు, దేనికి మార్కు వేయాలో మీకూ తెలియదు. "ఎర్రని గుల్ల నేలలు వేరుశనగకు అనుకూలం. రెండు కారణాలు రాయండి" అనండి. ఊడలు (పువ్వు నుంచి దిగి నేలలో కాయలయ్యే కాడలు) నేలలోకి తేలిగ్గా దిగుతాయి అన్నదానికి ఒకటి, నీరు నిలవదు అన్నదానికి ఒకటి. కాయలు పెరికేటప్పుడు నేలలో మిగిలిపోకుండా వస్తాయి అని పొలం పని తెలిసిన పిల్లవాడు రాస్తే, పుస్తకంలో లేదని కొట్టేయకండి. దానికీ మార్కు ఉండాలి, కీలో ముందే రాసుకోండి.

నాలుగు మార్కుల ప్రశ్నను రెండు మార్కుల ప్రశ్నకు సాగదీసిన రూపంగా చూడొద్దు. ఇందులో పోలిక, పట్టిక చదవడం, పేరా చదివి అభిప్రాయం చెప్పడం లాంటి పని ఉండాలి. పట్టిక ఇచ్చేటట్లయితే అందులో ఉన్న అంకెను ఎత్తి రాసే ప్రశ్న ఒకటి, అంకెలు పోల్చి చెప్పే ప్రశ్న ఒకటి, పట్టిక నుంచి ఒక నిర్ణయానికి రావాల్సిన ప్రశ్న ఒకటి, ఈ వరసలో అడగండి. జిల్లా గణాంక పుస్తకంలో మీ మండలం వర్షపాతం దొరుకుతుంది, పాఠ్యపుస్తకంలోని పట్టికనే తిప్పి తిప్పి ఇవ్వాల్సిన అవసరం లేదు.

## 9. వ్యాసరూప ప్రశ్న

పిల్లలు వదిలేస్తున్నారని దీన్ని తీసేయడం సరికాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకే వదిలేస్తారు. "రాయలసీమ కరువు గురించి వ్యాసం రాయండి" బదులు ఇలా విడగొట్టండి: "రాయలసీమలో తరచుగా కరువు రావడానికి మూడు కారణాలు వివరించండి. నష్టాన్ని తగ్గించడానికి మూడు మార్గాలు సూచించండి. మీ ఊరి నుంచి ఒక ఉదాహరణ ఇవ్వండి."

మార్కుల పంపకం అప్పుడే రాసేయండి: కారణాలకు 3, మార్గాలకు 3, ఉదాహరణకు 1, వరస కుదిరినందుకు 1. మొత్తం 8. ఈ పంపకాన్ని పరీక్షకు ముందే పిల్లలకు చెప్పండి. ఎనిమిది మార్కులంటే ఎనిమిది పేజీలు కాదని తెలిస్తే సగం భయం పోతుంది.

ఛాయిస్ ఇస్తే రెండు ప్రశ్నలూ ఒకే బరువుతో ఉండాలి. ఒకటి "వివరించండి", ఇంకొకటి "విశ్లేషించండి" అయితే అది ఛాయిస్ కాదు.

దిద్దేటప్పుడు ఒక పిల్లవాడి పేపర్ మొత్తం ఒకేసారి దిద్దకుండా, అందరి వ్యాసం ఒకేసారి దిద్దండి. పేర్లు కనపడకుండా మొదటి పేజీ మడవండి. "బాగా చదివే పిల్ల" అనే అభిప్రాయం మన చేతిని తెలియకుండానే కదిలిస్తుంది.

## 10. పేపర్ కూర్పు, జిరాక్స్‌కు ముందు తనిఖీ

తేలికవి ముందు, కష్టమైనవి తర్వాత. మొదటి ప్రశ్నే గట్టిదైతే బిడియపడే పిల్లలు అక్కడే ఆగిపోతారు. ఒకే రూపం ప్రశ్నలు ఒకచోట ఉంచండి. ఇంగ్లీష్ మీడియం క్లాసులో కూడా తెలుగులో ఆలోచించే పిల్లలు చాలామంది ఉన్నారు. పాఠ్యపుస్తకాలే రెండు భాషల్లో వస్తున్నప్పుడు, ప్రశ్న కింద తెలుగు వాక్యం కూడా ఇవ్వండి. రెండింటి అర్థం ఒకటేనా అని ఇంకో టీచర్‌తో చదివించండి.

- ప్రతి ప్రశ్న పక్కన మార్కులు వేశారా? మొత్తం 25 వచ్చిందా?
- బోధించని అంశం ఏదైనా దూరిందా?
- ప్రశ్న ఒక పేజీలో, ఆప్షన్లు ఇంకో పేజీలో పడ్డాయా?
- పటం, బొమ్మ జిరాక్స్‌లో స్పష్టంగా వస్తున్నాయా? ఒక కాపీ తీసి చూశారా?
- కీ, మార్కుల పంపకం రాసి పెట్టారా?
- చూపు తక్కువున్న పిల్లలకు పెద్ద అక్షరాల కాపీ తీశారా?

## 11. దిద్దాక చేయాల్సిన పని

మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించి వదిలేస్తే పడ్డ కష్టంలో సగం వృథా. ఒక్కో బిట్టుకు ఎంతమంది ఏ ఆప్షన్ పెట్టారో గీతలు పెట్టి లెక్కించండి. తర్వాత ఎక్కువ మార్కులు వచ్చిన పది పేపర్లు, తక్కువ వచ్చిన పది పేపర్లు విడిగా తీసి పోల్చండి.

- అందరూ ఒకే తప్పు ఆప్షన్ పెడితే: ఆ అంశం మళ్లీ చెప్పాలి.
- బాగా చదివేవాళ్లు తప్పు చేసి, మిగతావాళ్లు సరిగ్గా పెడితే: కీ తప్పయినా అయి ఉంటుంది, ప్రశ్నలో రెండర్థాలైనా ఉంటాయి. ఆ మార్కు అందరికీ కలిపేయండి.
- ఒక ఆప్షన్‌ను ఒక్కరూ పెట్టకపోతే: అది పనికిరాని ఆప్షన్, వచ్చేసారికి మార్చండి.
- అందరికీ వచ్చేస్తే: మొదటి బిట్టుగా ఉంచుకోవచ్చు, ధైర్యం ఇస్తుంది.

బాగా పనిచేసిన ప్రశ్నలను తరగతి, పాఠం వారీగా ఒక నోటు పుస్తకంలో ఎక్కించి, పక్కన ఎంతమందికి వచ్చిందో రాయండి. వచ్చే ఏడు పేపర్‌కు సగం పని అందులోనే దొరుకుతుంది. దిద్దిన పేపర్లు వారంలోగా పిల్లలకు ఇచ్చేయండి, తప్పు పోయిన ప్రశ్నను వాళ్ల చేతే మళ్లీ చేయించండి. ఆలస్యమైతే వాళ్లు మార్కు చూసి పేపర్ మడిచి పెట్టేస్తారు, అసలు ఏం రాశారో వాళ్లకే గుర్తుండదు.